వదిన హిందీ మరిచిపోయిన పూట

నాకు భయాలు ఎక్కువ. కుక్కలంటే భయం, ఘాట్ రోడ్డంటే భయం, విశాఖపట్నం వెళ్తే లిఫ్టులో తలుపులు మూసుకుంటుంటే భయం. చుట్టాలు నలుగురూ చేరినప్పుడు మా ఆయన ఇవన్నీ ఒక్కొక్కటీ చెప్పి నవ్విస్తుంటారు. అలాంటిది నలభై దాటాక నేను రాజస్థాన్ ఎడారిలో గుర్రమెక్కి ఊరి నుంచి ఊరికి తిరిగానంటే దానికి కారణం మా వదిన.

వదిన మా ఆయనకి సొంత అక్క. నాకంటే పదిహేనేళ్లు పైన పెద్ద. కోటవురట్ల దగ్గర పల్లెలో, చెరుకూ జీడితోటా ఉన్న ఇంట్లో పుట్టారు. ఆ ఇంట్లో ఎవరికీ లేని హిందీ పిచ్చి ఆవిడకెలా పట్టుకుందో గానీ, చదువుకుని హిందీ టీచరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. మొదటి ఉద్యోగం కృష్ణదేవిపేట దాటి, ఘాట్ ఎక్కాక ఇంకా లోపలికుండే ఒక కొండ ఊళ్లో వచ్చింది. వానాకాలంలో కొండవాగులు, మావైపు గెడ్డలంటాం, పొంగితే ఆ ఊరికి బియ్యం, ఉప్పు, కిరసనాయిలు అన్నీ కొండగుర్రాల మీదే వచ్చేవి. ఆ గుర్రాల మీదే బస్తాల పక్కన సర్దుకుని కూర్చుని వదిన బడికి వెళ్లేవారు. రిటైరై నర్సీపట్నం పక్కన బలిఘట్టంలో ఇల్లు తీసుకున్నాక కూడా ఆ రోజుల గురించే ఎక్కువ మాట్లాడేవారు.

ఒక ఆదివారం పొద్దున్న నర్సీపట్నంలో మా ఇంటికి వచ్చి, నేను వంకాయలు తరుగుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చుని ఫోను చూపించారు. ఇసుకలో గుర్రాలు, వాటి మీద మనుషులు, వెనకాల ముళ్ల చెట్లు.

"అమ్మీ, ఇది సూడు. రోజంతా గుర్రం మీద పోవడం, సాయంత్రానికి ఓ ఊరి బయట గుడారాల్లో పడుకోవడం. మల్లీ పొద్దున్నే ఇంకో ఊరు. నాతో రావాల్సినావిడికి మోకాలు ఆపరేషనంట. నువ్వు రా."

"నేనా వదినా? పెళ్లి ఊరేగింపులో గుర్రం వస్తే పక్క వీధిలోకి పోయేదాన్ని."

"అందుకే రమ్మంటన్నాను. భయపడీ భయపడీ ఏటి బావుకున్నావు?"

మా ఆయన పేపరు మడిచి, "ఎల్లు. అక్క ఒక్కర్తే అయిపోద్ది" అన్నారు. వదినకి రెండేళ్లుగా బీపీ ఉంది. హిందీ వచ్చిన మనిషే అయినా, అంత దూరంలో ఆవిడకి ఏమైనా అయితే ఎవరు చూస్తారన్న ఆలోచన నాకు వచ్చింది. గుర్రం మీద భయం ఒకవైపు, ఆవిడ ఒక్కరూ వెళ్తే ఏమవుతుందోనన్న భయం ఒకవైపు. రెండోదే ఎక్కువైంది. ఆఫీసులో సెలవు పెట్టాను.

కృష్ణదేవిపేట రోడ్డులో పెళ్లిళ్లకి గుర్రాన్ని అద్దెకిచ్చే ఒకాయన ఉన్నాడు. కొన్నాళ్లు పొద్దున్నే షేర్ ఆటోలో వెళ్లి, కోత అయిపోయిన వరిమడిలో ఆ తెల్ల గుర్రం ఎక్కడం నేర్చుకున్నాం. నేర్చుకున్నామంటే వదిన నేర్చుకున్నారు. నేను ఎక్కి, కళ్లు మూసుకుని, దిగేదాన్ని. ఆ గుర్రానికి బ్యాండుమేళం అలవాటు. రోడ్డు మీద ఏదైనా ఆటోలో పాట గట్టిగా వినిపిస్తే ముందుకాళ్లు ఎత్తెత్తి వేసేది. కింద నేల ఎంతో లోతులో ఉన్నట్టు కనిపించేది నాకు. చేతులు చెమట పట్టి పగ్గాలు జారిపోయేవి.

విశాఖలో రైలెక్కి, ఢిల్లీలో మారి, అక్కడినుంచి ఇంకో రైలూ జీపూ పట్టుకుని మేం చేరిన ఊరు మ్యాపులో వెతికినా నాకు దొరకలేదు. మమ్మల్ని తీసుకెళ్లే ఆయనది ఆ ఊరే. గుర్రాలు కూడా ఆయనవే. యాభై ఏళ్ల మనిషి, నెరిసిన మీసాలు, తక్కువ మాటలు. వదినని దీదీ అనేవాడు. వదిన మాట్లాడే హిందీ వింటుంటే ఆయన మొహంలో సన్నటి నవ్వు వచ్చేది. ఆవిడది పుస్తకాల హిందీ. రేడియోలో వార్తలు చదివినట్టు ఒక్కొక్క మాటా స్పష్టంగా పలుకుతారు. ఆ ఊరివాళ్లకి అలా మాట్లాడే మనిషి కొత్త. నా హిందీ కూరగాయల బేరానికి కూడా చాలదు. అక్కడివాళ్లు ఏమన్నా వదిన వైపు తిరిగేదాన్ని, ఆవిడ తెలుగులో చెప్పేవారు. మంచినీళ్లు ఎక్కడున్నాయన్న దగ్గర్నుంచి గుర్రం ఎందుకు తల విదిలిస్తోందన్న దాకా నాకు అక్కడి లోకమంతా వదిన నోటినుంచే వచ్చేది.

గుర్రాలు మన తెల్ల గుర్రం లాంటివి కావు. ఎత్తు. చెవులు లోపలికి వంకర తిరిగి, పైన కొసలు ఒకదానికొకటి తగులుతాయి. నాకు ముసలి గోధుమరంగు ఆడగుర్రాన్ని ఇచ్చారు, నెమ్మది గలదని. వదినకి నల్లది. సామాన్లూ, వంటమనిషీ, గుర్రాలని చూసుకునే మనిషీ జీపులో రోడ్డు మీదుగా వెళ్లి సాయంత్రం ముందున్న ఊరి దగ్గర కలుస్తారు. పగలంతా మేం ముగ్గురమే. ముందు ఆయన, తర్వాత వదిన, చివర నేను.

నేను ఎడారంటే ఇసుక కొండలే అనుకున్నాను. అవి అక్కడక్కడా ఉన్నాయిగానీ ఎక్కువ గట్టి నేలే. ఎటు చూసినా జమ్మిచెట్లు. గట్ల మీద జిల్లేడు. కోసేసిన గోరుచిక్కుడు చేలు. తెలిసిన చెట్లు కనిపిస్తే మొదటిరోజు కాస్త ధైర్యం వచ్చింది. కానీ మధ్యాహ్నానికి ఆ ధైర్యం పోయింది. చెట్లు తెలిసినవే, చెట్టుకీ చెట్టుకీ మధ్య ఉన్న దూరం తెలియనిది. ఇల్లు లేదు, బావి లేదు, మనిషి లేడు. ఆయన తన గుర్రాన్ని ఎటు తిప్పితే అటు పోవడమే. ఈయనకి ఏమైనా అయితే మేం ఎటు పోవాలి అని నన్ను నేనే అడిగాను. వదినతో అంటే, "ఆయనకేటవుతాది, రాయిలాగున్నాడు" అన్నారు.

రెండో రోజు పొద్దెక్కాక ఒక పొద వెనకనుంచి పెద్ద నీల్‌గాయ్ ఒకటి, ఆవంత ఉండే జింక, లేచి పరిగెత్తింది. నా గుర్రం బెదిరింది. అది పక్కకి గెంతడం నాకు గుర్తుంది, తర్వాత ఉరకడం గుర్తుంది. గాలికి చెవులు మూసుకుపోయాయి. రికాబులోంచి ఒక కాలు జారిపోయింది. జూలు పట్టుకుని మెడ మీద పడుకుండిపోయాను. కింద నేల పోతూ ఉంది. ఇక్కడ పడితే మెడ విరుగుతుంది, అంతే, అని చాలా మామూలుగా అనిపించింది. వెనకనుంచి వదిన అరుపు వినిపించింది.

"లే, లేచి కూకో. పగ్గం ఒక పక్కకి లాగు. ఒక పక్కకే."

లాగాను. గుర్రం పెద్ద గుండ్రంగా తిరిగి తిరిగి ఒక ముళ్లకంచె ముందు ఆగింది. వదిన వచ్చి నా పగ్గం అందుకున్నారు. ఆవిడ మొహం ఎర్రగా ఉంది, నవ్వుతున్నారు.  ఆయన కూడా వచ్చాక ఇద్దరూ పట్టుకుని నన్ను దింపితే ఇసుకలో కూర్చుండిపోయాను.

"పడలేదు కదా. ఇంకేటి?" అన్నారు వదిన. నీళ్ల సీసా నాకిచ్చి, నేను తాగాక మిగిలింది ఆవిడే తాగేశారు.

ఆ రోజు సాయంత్రం వదినకి కడుపు పాడైంది. అక్కడి వెల్లుల్లి పచ్చడి కారం పడలేదనుకున్నాం. రొట్టె ముట్టలేదు. నీళ్లు మాత్రం తాగుతూనే ఉన్నారు. బయలుదేరేముందు ప్రతివాళ్లూ చెప్పిన మాట అదే కదా, ఎడారిలో నీళ్లు బాగా తాగాలని. పొద్దున్న లేచేసరికి తలనొప్పి అన్నారు. కళ్లు పీక్కుపోయి ఉన్నాయి.

"వదినా, ఇవాళ మనం జీపులో వెళ్దాం. నాకూ భయంగానే ఉంది."

"జీపెక్కడానికా ఇంత దూరం వొచ్చింది? చలికి తల పట్టీసింది, ఎండెక్కితే అదే పోద్ది." బీపీ మాత్ర వేసుకుని, ఇంకో గ్లాసు నీళ్లు తాగి, గుర్రమెక్కారు.

ఎప్పుడూ ఆయనతో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండే మనిషి ఆ పొద్దున్న మాట్లాడలేదు. వెనకనుంచి చూస్తున్నాను. నిటారుగా కూర్చునే వీపు కాస్త వంగింది. తల గుర్రం నడకకి ఊగుతోంది. రెండుసార్లు పిలిస్తే ఒకసారి చెయ్యెత్తారు. ఎండ అంత తీవ్రంగా ఏమీ లేదు, చలికాలమే. ఒక ఎండిన వాగులాంటి పల్లం దాటాక ఆయన గుర్రం ఆపి, వెనక్కి తిరిగి, హిందీలో ఏదో అడిగాడు. ఏ దారిలో వెళ్దామని అడిగినట్టుంది. వదిన ఆయన్ని చూశారు.

"ఆటో రాదేటి? ఇందాకట్నుంచీ నిలబడిపోయున్నాం" అన్నారు, తెలుగులో.

ఆయన నావైపు చూశాడు. వదిన వేళాకోళం ఆడుతున్నారనుకున్నాను. గుర్రాన్ని పక్కకి తీసుకెళ్లి, "ఆయనకి తెలుగు రాదు కదా వదినా, హిందీలో చెప్పండి" అన్నాను.

"ఎవులికి?"

"ఆయనకి."

ఆయన్ని మళ్లీ చూశారు. మొట్టమొదటిసారి చూస్తున్నట్టు, మర్యాదగా. ఆయన ఈసారి నెమ్మదిగా, "దీదీ, ఠీక్ హో?" అన్నాడు, బావున్నారా అని. వదిన పెదాలు కదిలాయి. మాట కోసం వెతుకుతున్నారని నాకు తెలుస్తూనే ఉంది. ముప్ఫై ఏళ్లకి పైగా పిల్లలకి నేర్పిన భాష. ఆ రెండు మాటలకి జవాబు దొరకలేదు ఆవిడకి. చేతిలో పగ్గాలు వదిలేశారు, అవి గుర్రం మెడ మీదనుంచి జారి వేలాడుతున్నాయి. ఆవిడ గమనించలేదు.

 ముందురోజు గుర్రం ఉరికినప్పుడు పడ్డ భయం దీని ముందు భయమే కాదు.

ఆయన అప్పటికే కిందికి దూకి వదిన నడుం పట్టుకున్నాడు. నేనెలా దిగానో తెలియదు, ఎవరూ పట్టుకోకుండా అదే మొదటిసారి దిగడం. ఇద్దరం ఆవిడని ఒక జమ్మిచెట్టు కింద కూర్చోబెట్టాం. నీడ పల్చగా ఉంది. వడదెబ్బ అనుకున్నాను. సీసా మూత తీసి నీళ్లు నోటి దగ్గర పెడితే వదిన పళ్లు బిగించి మొహం తిప్పేసుకున్నారు. ఎంత బతిమాలినా కాస్త కూడా తాగలేదు. తల మీద పోశాను.

ఆయన ఫోను తీసి చెయ్యి పైకెత్తి నాలుగువైపులా తిరిగాడు. సిగ్నల్ లేదు. నా ఫోనూ అంతే. అప్పుడు నా ముందు గొంతుకూర్చుని, ఒక్కొక్క మాటా విడదీసి, చేతులతో చూపిస్తూ చెప్పాడు. తను రోడ్డుకి వెళ్లాలి. జీపు తీసుకురావాలి. మేం ఇక్కడే ఉండాలి. ఈ చెట్టు వదిలి కదలకూడదు. కదిలితే తను వెతకలేడు. నాకు అర్థమైంది. అర్థమవకపోయినా బావుండేదనిపించింది. ఆయనతో పాటు మేమూ వెళ్లిపోతామని చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు, వదినని గుర్రం మీద కూర్చోబెట్టే దారీ లేదు. ఆయన మా రెండు గుర్రాలనీ దగ్గర్లో ఒక పొదకి కట్టి, తన గుర్రమెక్కి దౌడు తీశాడు. కాసేపు దుమ్ము కనిపించింది. తర్వాత అదీ లేదు.

తోటి గుర్రం వెళ్లిపోవడం మిగతా రెండింటికీ నచ్చలేదు. నల్లది సకిలించి, తలతో లాగింది. మళ్లీ లాగింది. పొద కొమ్మ విరిగి, ఆ కొమ్మని ఈడ్చుకుంటూ అది కూడా ఆయన వెళ్లినవైపే పరిగెత్తిపోయింది. నా గుర్రం కట్టు చుట్టూ తిరుగుతూ వెనక్కాళ్లు విసురుతోంది. మేం దానికి మరీ దగ్గరగా ఉన్నాం. ఇది కూడా తెంచుకుంటే మా మీదనుంచే పోతుందనిపించి వదినని లేపి చెట్టుకి అవతలివైపు తీసుకెళ్లాను.

లేవగానే వదిన నడవడం మొదలుపెట్టారు.

"ఎక్కడికి వదినా?"

"బడి గంట కొట్టీసుంటారు. గెడ్డ పొంగిపోతాది, బేగి ఎల్లాలి."

"గెడ్డ లేదు వదినా. మనం రాజస్థాన్‌లో ఉన్నాం."

"నీకు తెల్దు. పైన వాన పడిపోతంది." ఆకాశం వైపు చూపించారు. ఒక్క మబ్బు లేదు.

ఆవిడ యాస కూడా ఇంకా చిక్కబడింది.  మా అత్తగారు బతికుండగా కోటవురట్ల ఇంట్లో మాట్లాడే మాట. ఆవిడకి బలం ఎక్కడిదో, నన్ను కూడా ఈడ్చుకుపోతున్నారు. రెండుసార్లు ఆపాను. మూడోసారి చున్నీ తీసి ఒక కొస ఆవిడ మణికట్టుకి, ఇంకో కొస నా మణికట్టుకి ముడేశాను. వదిన ముడి చూసుకున్నారు. కూర్చుని నా మొహంలోకి తేరిపారా చూశారు.

"నువ్వెవుల బిడ్డవమ్మా?" అన్నారు.

గొంతులో కోపం లేదు, చిరాకు లేదు. దారిలో కలిసిన కొత్త మనిషిని అడిగినట్టు ఎంతో మన్ననగా అడిగారు. అందుకే తట్టుకోలేకపోయాను. కాపరానికి వచ్చిన కొత్తలో నాకు జ్వరమొస్తే రాత్రంతా నా మంచం పక్కన కూర్చున్న మనిషి. నేను పేరు చెప్పాను, తమ్ముడి భార్యనని చెప్పాను. "అలాగా" అన్నారు. మా ఇంట్లో అందరి గురించీ చెప్పాను. మాట్లాడటం ఆపితే ఏదో అయిపోతుందని, నోటికొచ్చిందల్లా మాట్లాడుతూ ఉన్నాను. బలిఘట్టంలో ఆవిడ పెరట్లో కాకరపాదు గురించి, పాలావిడ గురించి. మధ్యమధ్య ఆవిడ తల వాలిపోతే పేరు పెట్టి పిలిచేదాన్ని. పేరు పెట్టి పిలవడం ఎప్పుడూ లేదు. ఆయన దారి తప్పాడేమో అనుకున్నాను. జీపు దొరకలేదేమో అనుకున్నాను. ఇక్కడే, ఈ చెట్టు కింద, నా చేతికి కట్టి ఉండగానే ఈవిడ పోతే నేనేం చెయ్యాలి అని కూడా అనుకున్నాను. మా ఆయనకి ఏ మాటతో మొదలుపెట్టి చెప్పాలో కూడా ఆలోచించాను.

మేకల గంటలు వినిపించాయి. నా ఈడుదే ఒక ఆడమనిషి, ముసుగు మొహం మీదికి లాక్కుని, మేకల వెనక వస్తోంది. కట్టేసిన గుర్రాన్నీ, మా చేతులకున్న ముడినీ చూసి ఆగింది. నేను లేచి నిలబడి చెయ్యి ఊపాను. ఆమె దగ్గరికి వచ్చి ఏదో అడిగింది. అది హిందీ కూడా కాదు. నేను వదిన తల చూపించి, గుర్రం వెళ్లిన దిక్కు చూపించి, జీపు నడిపినట్టు చేతులు తిప్పి చూపించాను. నవ్వొచ్చేలా చేసుంటాను. ఆమె నవ్వలేదు. ముసుగు వెనక్కి తోసి, వదినకి అవతలిపక్క చతికిలబడి, ఆవిడ రెండో చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. ఆమె చేతులనిండా మోచేతి పైదాకా తెల్లటి గాజులున్నాయి.

వదిన ఆమెవైపు తిరిగారు. "మీ ఊర్లో కోతలైపోనాయేటి?" అని అడిగారు.

ఆమె తన భాషలో ఏదో చెప్పింది. వదిన తలూపారు. "మావేపు ఇంకా చెరుకు నరకనేదు" అన్నారు. ఆమె మళ్లీ ఏదో చెప్పింది. అలా ఇద్దరూ, ఒకరి మాట ఒకరికి ముక్క తెలియకుండా, ఇరుగుపొరుగువాళ్లలా మాట్లాడుకున్నారు. నేను వింటూ కూర్చున్నాను. వదిన లేచి వెళ్లిపోవాలని మళ్లీ ప్రయత్నించలేదు. మేకలు ఎటో పోయాయి. ఆమె వాటివైపు చూసిందిగానీ లేవలేదు.

జీపు చప్పుడు వినిపించేసరికి నీడ మా మీదనుంచి పూర్తిగా తప్పుకుంది. ఆయనా, డ్రైవరూ కలిసి వదినని ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టారు. గుర్రాలని చూసుకునే మనిషి జీపు దిగి నా గుర్రం దగ్గర ఉండిపోయాడు. నా చున్నీ ముడి బిగుసుకుపోయి రాకపోతే ఆయనే కత్తితో కోశాడు. ఆ ఆడమనిషికి దండం పెట్టాను. ఆమె అప్పటికే మేకలు పోయినవైపు నడుస్తోంది.

దగ్గర్లోని చిన్న ఆసుపత్రిలో చూసి పెద్ద ఊరికి తీసుకెళ్లమన్నారు. దారి పొడుగునా వదిన తల నా ఒళ్లో ఉంది. సిగ్నల్ వచ్చాక మా ఆయనకి ఫోన్ చేశాను. నేను చెప్పింది ఆయనకి నమ్మబుద్ధి కాలేదు. "ఫోను అక్కకియ్యి" అన్నారు. వదిన చెవి దగ్గర పెట్టాను. అక్కా అక్కా అని పిలవడం నాకు కూడా వినిపిస్తోంది. వదిన కళ్లు తెరవకుండా, "ఎవులు?" అన్నారు.  మా ఆయన, "నేను బయల్దేరతన్నాను" అని పెట్టేశారు.

పెద్దాసుపత్రిలో ఒక కుర్ర డాక్టరమ్మ ఇంగ్లీషులో అడిగింది, నాకు ప్రాణం లేచొచ్చింది. ఏం తిన్నారు, ఎన్ని నీళ్లు తాగారు, ఏం మందులు వాడతారు. వదిన నడుం సంచీలో బీపీ మాత్రల అట్ట దొరికితే ఇచ్చాను. రక్తం తీసి పరీక్షకి పంపించారు. రిపోర్టు వచ్చాక ఆ అమ్మాయి బయటికి వచ్చి చెప్పింది. ఒంట్లో ఉప్పు, అంటే సోడియం, బాగా పడిపోయింది. ఆవిడ వాడే మాత్ర ఒంట్లోంచి ఉప్పుని బయటికి తోసే రకం. దానికి తోడు విరేచనాలు, తిండి లేకపోవడం, వట్టి నీళ్లు అదేపనిగా తాగడం. దాంతో మెదడు వాచి తికమకపడుతోంది. ఇంకా ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవని చెప్పింది. మధ్యలో నీళ్లు పట్టించారా అని అడిగింది. తాగలేదు, పళ్లు బిగించారని చెప్పాను. "మంచిదైంది, తాగుంటే ఉప్పు ఇంకా పడిపోయేది" అంది.  ఆ చెట్టు కింద సీసా పట్టుకుని ఎంత బతిమాలానో గుర్తొచ్చింది.

"మళ్లీ మామూలవుతారా?" అని అడిగాను.

"అవ్వాలి. కానీ ఉప్పు నెమ్మదిగానే ఎక్కించాలి, తొందరపడితే అదీ ప్రమాదమే. చూద్దాం."

చూద్దాం అన్న మాట పట్టుకుని ఆ రాత్రంతా బయట బెంచీ మీద కూర్చున్నాను. గుర్రాలాయన కూడా వెళ్లలేదు. నా పక్కన కాకుండా ఎదురుగా నేలమీద తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మా మధ్య మాట్లాడుకునే భాష లేదు. ఆయన ఒకసారి టీ తెచ్చిచ్చాడు, నేను ఒకసారి ఆయనకి బిస్కెట్లు ఇచ్చాను. లోపల యంత్రం కూసినప్పుడల్లా ఇద్దరం ఒకేసారి తలెత్తేవాళ్లం.

తెల్లారిన తర్వాత లోపలినుంచి మాటలు వినిపించాయి. తెర వెనక నర్సు గొంతు, దాని తర్వాత ఇంకో గొంతు. నీరసంగా ఉందిగానీ ఒక్కొక్క అక్షరం విడివిడిగా, పాఠం చదివి వినిపిస్తున్నట్టు ఉంది. "కృపయా మేరా చష్మా దే దీజియే." ఆ నర్సు నవ్వింది, అంత పద్ధతిగా కళ్లజోడు అడిగిన పేషెంటు ఆమెకి ఎప్పుడూ తగిలుండరు. ఎదురుగా గుర్రాలాయన రెండు చేతులూ ఎత్తి కళ్లకద్దుకున్నాడు. నేను లేవబోయి ఆ నేలమీదే కూలబడి ఏడ్చాను.

మా ఆయన వచ్చేసరికి వదిన దిండుకి ఆనుకుని కూర్చుని గంజి తాగుతున్నారు. "నువ్వెందుకొచ్చావురా, అనవసరంగా" అన్నారు తమ్ముడితో. ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయి అక్కడినుంచి చాలాసేపు లోపలికి రాలేదు.

డిశ్చార్జయ్యాక రెండు రోజులు ఆ గుర్రాలాయన ఇంట్లోనే ఉన్నాం. ఆయన భార్య వదినకి ఉప్పు వేసిన మజ్జిగ, మెత్తటి కిచిడీ పెట్టింది. నల్ల గుర్రం కొమ్మ ఈడ్చుకుంటూనే ఇంటికి చేరిందట, కాలికి గీరుకుపోయి ఉంది. వదిన దాని మెడ నిమిరి, నుదురు నిమిరి, నిలబడ్డారు. ఆయన ఎక్కుతారా అన్నట్టు జీను వైపు చూపించాడు.  వదిన వద్దని తలూపారు.

"భయమేసింది అమ్మీ" అన్నారు నాతో, తర్వాత నడుస్తుండగా. "ఎక్కితే మల్లీ ఏటో అయిపోద్దని కాదు. నాకు తెల్వకుండానే అయిపోనాది సూడు, అదీ భయం."

ఆ మాట ఆవిడ నోట వినడం నాకదే మొదలు.  భయం గురించి నాకు బాగా తెలుసు అని ఎన్నాళ్లనుంచో అనుకునేదాన్ని. నాకు తెలిసినవన్నీ బయటినుంచి వచ్చేవే, కుక్క, గుర్రం, ఎత్తు. ఆవిడ చెప్పేది వేరే.

నర్సీపట్నం వచ్చాక ఇక్కడి డాక్టరు బీపీ మాత్ర మార్చారు. అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించమన్నారు. వదిన బాగానే ఉన్నారు. సాయంత్రాలు బలిఘట్టంలో పక్కింటి పిల్లలకి హిందీ చెప్తున్నారు. నేనే బాగాలేను. రోజూ పొద్దున్న ఆఫీసుకి వెళ్లేముందు ఆవిడకి ఫోన్ చేస్తాను. ఏదో వంకతో మాట్లాడిస్తాను. ఆవిడ ఒక మాట కోసం కాస్త ఆగితే, మనందరం ఆగే మామూలు ఆగడమే అది, నా చేతిలో ఫోను తడిసిపోతుంది.

మొన్న ఆవిడ ఇంటికి వెళ్లినప్పుడు పెరట్లో కాకరపాదుకి పందిరి కడుతూ, ఉన్నట్టుండి అడిగారు.

"ఆ రోజు నాకు ఒక్క ముక్కే గ్యాపకముంది అమ్మీ. ఎవులో సేతినిండా తెల్లగాజుల మనిషి నా సెయ్యట్టుకుని కూకుంది. ఏటేటో మాటాడింది, మంచి మనిషి. నువ్వెక్కడున్నావప్పుడు?"

పురికొస ఆవిడకి అందిస్తూ, "పక్కనే ఉన్నాను వదినా" అన్నాను.

"నిన్ను గుర్తుపట్టేనా?"

"పట్టారు" అన్నాను.

వదిన తలూపి, కర్రకి పురికొస రెండు చుట్లు తిప్పి, కొస పళ్లతో తెంపి, ఇంకో కర్ర అందించమన్నారు.